పదకొండు తప్పులు

"పదివేలకు ఒక్కటి," అన్నాడు పరీక్షల ఆఫీసర్ మైతీ బాబు, కంప్యూటర్ కాగితం మీద వేలు పెట్టి. "ఊరికే ఇలా కలిసే అవకాశం అంతే, దీదీ. అంటే మీ అమ్మాయి కాపీ కొట్టలేదనడానికి పదివేలలో ఒక్క వంతే ఆశ."

నీలవేణి ఆ కాగితానికీ, కూతురి పేపర్లకూ నకళ్లు అడిగి తీసుకుంది.

డిప్లమా ప్రవేశ పరీక్షలో మౌనిక వెనక బెంచీలో తనుశ్రీ అనే బెంగాలీ పిల్ల కూర్చుంది. లెక్కల పేపర్లో ఇద్దరూ పదకొండు తప్పులు చేశారు. పదకొండూ ఒకే ప్రశ్నలకు, ఒకే తప్పు జవాబులు. ఒకరి ముఖం ఒకరు అంతకుముందు ఎరగమంటారు. శుక్రవారం విచారణ. కాపీ అని తేలితే ఇద్దరికీ మూడేళ్లు ఏ పరీక్షా ఉండదు. ఆ తరవాత మౌనికకు వయసు దాటిపోతుంది.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్‌కు వచ్చి నీలవేణి చేసిన మొదటి పని, స్నానాల గది లోపలి గడియ ఊడదీయడం. పిల్ల లోపల గడియ వేసుకుని ఏమైనా చేసుకుంటే?

"అమ్మా, నాను కాపీ కొట్టలేదే," అంది మౌనిక, ఊడిన గడియ చూసి. "నన్ను నువ్వు కూడా నమ్మవేటి?"

"నమ్మినాను కాబట్టే బయమే!"

నీలవేణి భర్త దేముడు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. భార్య చెప్పిందంతా కంచం ముందు కూర్చుని విన్నాడు.

"ఆ రెండో పిల్ల పేరేటన్నావు?"

"తనుశ్రీ."

అన్నం వదిలేసి లేచాడు. "కొట్టినాననీసి ఒప్పీసుకోమను. సంతకం ఎట్టీసి వచ్చీండి."

"కొట్టనిది ఎలా ఒప్పుకుంటాది? నువ్వొచ్చి సెప్పు ఆ బాబుకి."

"నాను రాను. నాకు డూటీ."

"కన్న కూతురు కన్నా డూటీయా? గుండా, గ్రైండింగ్ రాయా నీది?"

దేముడు చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నీలవేణి సైకిల్ రిక్షా ఎక్కి ప్రేమ్ బజార్‌ వెళ్లింది. అక్కడ అద్దెగదిలో ఉండే ప్రణవికి ఆమె రోజూ క్యారేజీ పంపుతుంది. స్టాటిస్టిక్స్‌లో పరిశోధన చేస్తున్న పిల్ల.

ప్రణవి కాగితం చదివి, మౌనిక పేపర్లు చూసి, అరగంట లెక్క వేసింది.

"లెక్క సరిగానే ఉంది ఆంటీ. ఇది ఊరికే జరిగింది కాదు."

"అయితే నా పిల్ల అయిపోయినట్టేనా తల్లీ!"

"ఆగండి. ఆయన అర్థం చేసుకున్నదే తప్పు. ఇద్దరికీ ఏ సంబంధమూ లేకపోతే ఇన్ని తప్పులు కలవడం ఎంత అరుదో, అంతే చెబుతుంది ఈ అంకె. కాపీ కొట్టారనడానికి ఎంత అవకాశముందో చెప్పదు. ఇద్దరి మధ్యా ఏదో దారం ఉందని అనుమానించొచ్చు. ఆ దారం ఏదన్నది దీనికి తెలీదు."

"కాపీ కాకపోతే ఇంకేటి దారం?"

"ఒకే పుస్తకం కావచ్చు. ఒకే మాస్టారు కావచ్చు." ప్రణవి మౌనిక చిత్తు కాగితం తిప్పింది. "ఇదేంటి? ఏడు పాయింట్ రెండును ఎనిమిది చేసింది?"

నీలవేణి మౌనికకు ఫోన్ కలిపి ప్రణవికి ఇచ్చింది.

"నాన్న అలాగే సెప్పినాడక్కా," అంది మౌనిక. "ఎప్పుడూ పై అంకెకే పెంచాల. ఇనుము తక్కువ కోస్తే తుక్కు. ఎక్కువుంటే అరగదీసుకోవచ్చు."

ప్రణవి పదకొండు లెక్కలూ ఆ పద్ధతిలో చేసింది. పదకొండుసార్లూ మౌనిక రాసిన తప్పే వచ్చింది.

"ఆంటీ, ఆ అమ్మాయికి కూడా ఎవరో ఫిట్టరు లెక్కలు నేర్పి ఉంటే చాలు, మనం గెలిచినట్టే!"

ఆ రాత్రి నీలవేణి దేవుడి పటం ముందు కోరుకున్నది ఒక్కటే. ఆ పిల్ల ఇంట్లో కూడా వర్క్‌షాప్ మనిషి ఉండాలి.

శుక్రవారం మైతీ బాబు ముందు రెండు జవాబు పత్రాలు, ఆ కాగితం. బల్లకు ఇటు నీలవేణి, మౌనిక. అటు తనుశ్రీ, ఒక్కతే వచ్చింది, ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది.

నీలవేణి తనకొచ్చిన బెంగాలీలో మొదలుపెట్టింది.

"బాబూ, ఊరికే జరగలేదంటే ఒప్పుకుంటాను. ఊరికే కాకపోతే కాపీయేనని ఏ కాగితం సెప్పింది? ఆ పిల్లకో లెక్క ఇవ్వండి. నా పిల్లని బయట నిలబెట్టండి."

మైతీ బాబు విసుగ్గానే ఒక లెక్క ఇచ్చాడు. తనుశ్రీ చేసింది. మూడో మెట్టులో ఐదు పాయింట్ ఒకటిని ఆరు చేసింది.

మైతీ బాబు కళ్లజోడు తీశాడు. "ఇలా ఎవరు నేర్పారు?"

"బాబా, మా నాన్న. చిన్నప్పటినుంచీ ఆయనే చెబుతాడు. వర్క్‌షాప్‌లో ఫిట్టర్."

ఇంకో రెండు లెక్కలు ఇచ్చాడు. అదే తీరు. బయటినుంచి మౌనికను పిలిచి అవే ఇచ్చాడు. ఆమెకూ అవే జవాబులు. చాలాసేపు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తరవాత ఫిర్యాదు మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేశాడు.

"వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి."

నీలవేణి కొంగుతో ముఖం తుడుచుకుంది. తనుశ్రీని దగ్గరకు తీసుకుంది. ఆ కాగితం చూసిన తరవాత మొదటిసారి నవ్వింది.

"మీ బాబా నా పిల్లని కాపాడినాడమ్మా. మా ఆయనదీ ఆ వర్క్‌షాపే, తప్పకుండా ఎరిగుంటాడు. ఫొటో ఉంటే సూపించు, ఇంటికెళ్లి సెప్తాను."

తనుశ్రీ ఫోన్ తిప్పి చూపించింది: దీఘా సముద్రపు ఒడ్డున, ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి నవ్వుతున్నాడు దేముడు.