ఉల్ఫ్ అంటే ఎవరు?

“ఉల్ఫ్ పేరు పెట్టండి,” అంది గున్వోర్.

క్లబ్బు వార్షిక సమావేశంలో కాఫీ కప్పుల చప్పుడు ఆగింది. కొత్త ఫుట్‌బాల్ గ్రౌండుకు యోర్గెన్ పేరు పెట్టడం రెండు నిమిషాల పని అనుకుని వచ్చారంతా. ఈ ఊళ్లో పుట్టి ఇటలీలో ఆడినవాడు యోర్గెన్. స్వీడన్ జట్టుకు కెప్టెన్‌గా చేసినవాడు.

“నువ్వా ఈ మాట అనేది?” అన్నాడు బెర్టిల్. రంపపు మిల్లు నడిపి మానుకున్న ముసలాయన. “యోర్గెన్ అంటే మిలాన్‌లో టాక్సీవాడికి కూడా తెలుసు. ఉల్ఫ్ అంటే పక్కూరి పోస్ట్‌మ్యాన్ కూడా ఎవరంటాడు.”

“తెలియకపోతే పోస్ట్‌మ్యాన్‌ది తప్పు. ఉల్ఫ్‌ది కాదు.”

అందరూ నవ్వారు. గున్వోర్ నవ్వలేదు. యోర్గెన్, ఉల్ఫ్ ఇద్దరూ ఈ క్లబ్బులోనే ఆడారు. ఇద్దరి జెర్సీలూ ఆమే ఉతికింది. ఎవరి జెర్సీకి ఎంత బురద అంటేదో ఆమెకు తెలుసు.

“మనల్ని పై డివిజన్‌కు చేర్చిన గోల్ ఎవరిది?” అన్నాడు బెర్టిల్.

“కొట్టింది యోర్గెనే. నలుగుర్ని దాటుకుని బంతి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టిందెవరు? టీవీవాళ్లు ఆ ముక్క కత్తిరించేశారు. నువ్వు అక్కడే ఉన్నావుగా, నువ్వూ కత్తిరించేశావా?”

బెర్టిల్ దాల్చినచెక్క బన్ను కొరికాడు.

“పెద్ద రోడ్డు మీద బోర్డు పెడతాం,” అన్నాడు అధ్యక్షుడు హోకన్. “యోర్గెన్ పేరు చూస్తే కార్లు ఆగుతాయి. ఉల్ఫ్ పేరు చూసి ఎవరాగుతారు?”

“గ్రౌండు కార్లవాళ్లకా, పిల్లలకా? నీ కూతురికి బంతి ఆపడం నేర్పిందెవరు? కిటికీలోంచి చూడు.”

బయట ఉల్ఫ్ పార పట్టుకుని గ్రౌండు మీది మంచు తోస్తున్నాడు. ఇంకాసేపట్లో పిల్లల ప్రాక్టీసు. సమావేశాలకు అతను రాడు.

కిందటేడు ఈ ఊరికి వచ్చిన పళ్ల డాక్టరు బెర్టిల్ వైపు వంగాడు. “కాకి పిల్ల కాకికి ముద్దు. పాపం, ఆవిణ్ణి ఏమీ అనకండి,” అన్నాడు గుసగుసగా.

బెర్టిల్‌కు కాఫీ పొలమారింది.

హోకన్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు. “యోర్గెన్ పేరుకు ఒప్పుకునేవాళ్లు?”

గదంతా చేతులు లేచాయి. హోకన్ ఒకసారి కిటికీ వైపు చూసి, తన చెయ్యీ ఎత్తాడు.

“వద్దనేవాళ్లు?”

ఒక్క చెయ్యి.

“చూశాను గున్వోర్. ఇక దించు.”

“ఇంకాసేపు చూడు.”

చూశాడు. అందరూ చూశారు. ఆమె దించాకే సుత్తి మళ్లీ పడింది.

గున్వోర్ కోటు తొడుక్కుంది. గుమ్మం దగ్గరున్న రెండో పార అందుకుంది.

“యోర్గెన్‌కు కబురు నేను చెప్పనా?” అన్నాడు హోకన్.

“వద్దు, నేనే చెబుతాను,” అంది గున్వోర్. “గ్రౌండుకు వాడి పేరే పెట్టారనీ, వద్దని చెయ్యెత్తింది వాణ్ణి కన్నతల్లి ఒక్కతేననీ.”