బోర్లించిన గంప

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, బుల్లెమ్మ సంగతి చెబుతాను.

గిలకలదిండి రేవులో చేపలమ్మే బుల్లెమ్మ, ఖాళీ గంపతోనే కూతురు రాజకుమారి చదివే యూనివర్సిటీకి వెళ్ళింది. ల్యాబులో రాజకుమారి నడుం మీద చెయ్యేసిన సారు మీద ఫిర్యాదు పెట్టి అప్పటికి నాలుగు నెలలు. ఫిర్యాదు విచారించే కమిటీ మేడం పిల్లని ఆరోసారి పిలిచి, ఈసారి తల్లిని కూడా తీసుకురమ్మన్నారు.

"సారు అలాంటివారు కాదమ్మా. ఫిర్యాదు వెనక్కి తీసుకోమనండి. ఇకనుంచి ఆడపిల్లల్ని అయిదింటికే ల్యాబులోంచి పంపేస్తాం," అన్నారు మేడం.

"చెయ్యేసింది సారైతే, పంపేది పిల్లల్నా అండీ?"

"ఇవన్నీ మీకు తెలియవు లెండి."

రాజకుమారి పెన్ను తీసింది. "సంతకం పెట్టేస్తానే అమ్మా. ఇంక తిరగలేను."

బుల్లెమ్మ గొంతు దాకా వచ్చిన తిట్టు మింగేసింది. "నీ ఇష్టం. మా రేవులో చేపల వేలం వేసేవాడు ఓసారి వెంకటలక్ష్మి కొంగు లాగాడు. దాన్ని ఇంటికి పంపలేదే! ఆడాళ్ళందరం గంపలు బోర్లించి కూర్చున్నాం. వాణ్ణి మార్చేదాకా ఒక్క చేప కొనలేదు."

"ఎన్నాళ్ళు?" అంది రాజకుమారి.

"పదకొండు రోజులు. నీకప్పుడు గంజే పోశాను."

నీచు వాసనంటూ ఏనాడూ గంప ముట్టని పిల్ల, పెన్ను మూసేసింది. ఆ గంపని లాక్కెళ్ళి మేడం గుమ్మంలో బోర్లించి, పక్కనే చతికిలబడింది.

ఆ సారు ఇంకా కదల్లేదు. గంపా కదల్లేదు. దాని చుట్టూ ఇప్పుడు ఎనిమిదిమంది ఆడపిల్లలు కూర్చుంటున్నారు. రేపు కాలేజీకి వెళ్ళేటప్పుడు ఇది గుర్తుంచుకో తల్లీ, నీ పక్కన కూర్చునే పిల్లకీ చెప్పు.