గొప్పలు లేని పెట్టె

టూత్‌పేస్టు అట్టపెట్టెల నమూనాలు మూడు తెచ్చి వంటగది గట్టుమీద పెట్టింది మా అమ్మాయి. రేపు కంపెనీవాళ్ళకు ఒక్కటైనా నచ్చకపోతే దాని ఉద్యోగం పోతుంది.

“నువ్వయితే ఏది కొంటావమ్మా?”

కళ్ళజోడు సర్దుకుని జడ్జిగారంత బింకంగా చూశాను. తళతళలాడే పళ్ళ బొమ్మ ఉన్నదాన్నీ, ‘ఉచితం’ అని అరిచే ఎర్రపెట్టెనూ పక్కకు నెట్టాను. బరువూ, దినుసులూ తప్ప ఇంకేమీ రాయని, ఏ గొప్పలూ లేని తెల్లపెట్టె పట్టుకున్నాను.

“ఇదే. ప్రకటనల బుట్టలో పడే మనిషిని కాదే నేను. నిజాయితీకి నాలుగు రూపాయలెక్కువైనా ఇస్తాను.”

అమ్మాయి నన్ను అమాంతం వాటేసుకుంది. “నా తల్లే! ఉద్యోగం నిలబెట్టావు. మూడింట్లోనూ ఉండేది ఒకటే పేస్టు. ఆ తెల్లది అచ్చం నీలాంటివాళ్ళ కోసమే గీశాను. ధర కూడా దానికే ఎక్కువ పెట్టమన్నాను.”

అయినా ఆ పెట్టె వెనక్కివ్వడానికి నాకు చెయ్యి రాలేదు.