బోరు నీళ్ళు పోసిన బ్యాటరీ

"స్లో చార్జింగ్ పెట్టప్పా. తొందరపడితే ప్లేట్లు పాడైపోతాయి."

వ్యాన్‌లోంచి రెండు పెద్ద బ్యాటరీలు దించి అన్నాడు ఆ ముసలాయన.

సోమందేపల్లి రోడ్డు మీద ఇంతియాజ్‌ది బ్యాటరీ షాపు. ట్రాక్టరు బ్యాటరీలు ఎన్నో చూశాడు గానీ ఇంత బరువైనవి చూడలేదు.

"ఇవి దేనికి సార్?"

"వ్యాన్‌లోనే కదా నా కాపురం! లైటు, ఫ్యాను, నా పెట్టె, అన్నీ వీటి మీదే."

"ఏం పెట్టె సార్?"

"పని పెట్టె." ముసలాయన నవ్వాడు. "సెల్లుల్లో డిస్టిల్డ్ వాటరే పొయ్యి. మీ బోరు నీళ్ళు మాత్రం వద్దు."

అడిగినదానికి నవ్వి ఊరుకునే మనిషిని ఎవడు నమ్ముతాడు? ఇంతియాజ్ నమ్మలేదు.

పక్కన టీ అంగడి ఎర్రిస్వామి అసలే నమ్మలేదు.

"ఆ వ్యాను మీ ఊరి చేన్లకాడ నిలబెట్టుకోని ఉండాడబ్బా. ఎండ తగ్గితే చాలు, ఇనప కమ్ములు భూమిలోకి దిగ్గొట్టి, వైర్లు లాగి, పెట్టెలోకి చూస్తాండాడు."

"దేనికంటావు?"

"ఇంక దేనికి? పెనుకొండ చుట్టూ భూమిలో ఏముంటాది? రాజుల నాటి బంగారు!"

బంగారం సంగతి ఇంతియాజ్‌కు ఎందుకు? అతని దిగులంతా కూతురు ఆలియా గురించే.

ఆలియాకు ఏడేళ్ళు. పళ్ళ మీద గోధుమరంగు చారలు, మోకాళ్ళు అప్పుడే వంకర తిరుగుతున్నాయి. ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని, నీళ్ళు మారకపోతే పిల్ల నడవలేదని హిందూపురం డాక్టరు చెప్పాడు. మంచినీళ్ళు చూపించండని పెనుకొండ నీళ్ళ ఆఫీసుకు పిల్లను ఎత్తుకుని పోయి మరీ ఏడ్చాడు ఇంతియాజ్.

ఏ మహానుభావుడూ రాలేదు.

మర్నాడు బ్యాటరీల కోసం వచ్చిన ముసలాయన, షాపులో ఆలియాను చూసి ఆగిపోయాడు. పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పళ్ళు చూపించు తల్లీ."

ఆలియా ఈ అని చూపించింది. ఆయన పిల్ల మోకాళ్ళు కూడా తడిమి చూశాడు.

"పాప మీ ఊళ్ళోనే పుట్టిందా?"

"ఎందుకు సార్?"

"ఊరికే అడిగినాలే."

వ్యాను కదలగానే ఎర్రిస్వామి పరిగెత్తుకొచ్చాడు.

"పిల్ల పుట్టిన ఊరు ఆయనకెందుకబ్బా? నిధి పైకి రావాలంటే పసిబిడ్డను బలి ఇస్తారంట!"

"నోరు ముయ్యి" అన్నాడు గానీ ఇంతియాజ్ ఆ పూట షాపు ముందే మూసి పిల్లను ఎత్తుకుని ఇంటికి పోయాడు.

ఇంట్లో చెప్తే భార్య షహీన్ పిల్లను గట్టిగా పట్టుకుంది.

"పోలీసులకు చెప్పు."

"ఏమని చెప్పాల? పళ్ళు చూసినాడనా?"

"అయితే చార్జింగ్ చెయ్యనని చెప్పు."

"హిందూపురం పోయి చేయించుకుంటాడు."

మళ్ళీ చార్జింగుకు వచ్చి బ్యాటరీలు దించి ముసలాయన హుషారుగా చెప్పాడు. "ఇంకొక్క పొద్దు పనుండాది. తేలిపోతాది. బాగా చార్జి చెయ్యి."

ఒక్క పొద్దు! అంటే బలి రేపేనా?

వ్యాను పోగానే సెల్లుల్లోని ఆసిడ్ వంచేశాడు. షాపులో తాగడానికి షహీన్ పంపిన బిందె తెచ్చి, అందులోని బోరు నీళ్ళు నిండుగా పోశాడు. మూతలు బిగించి పైన శుభ్రంగా తుడిచాడు.

మర్నాడు పొద్దున బ్యాటరీలు తీసుకుపోయిన ముసలాయన, మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"పెట్టెలో ముల్లు కూడా కదల్లేదప్పా."

ఆసిడ్ చూసే గాజుగొట్టం సెల్లులో ముంచి చూశాడు. తర్వాత మూలనున్న బిందెకేసి చూశాడు. దాని అంచున సున్నం పూసినట్టు తెల్లటి పొర.

ఇంతియాజ్ తల దించుకున్నాడు. తిడితే తిరిగి తిట్టడానికి సిద్ధంగానే ఉన్నాడు.

ముసలాయన తిట్టలేదు.

"మళ్ళీ కొనే శక్తి నాకు లేదు. ఈ వ్యాను కూడా అమ్మేసి మా ఊరికి పోతా" అన్నాడు. వ్యాను ఎక్కాక కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఈ నీళ్ళను బ్యాటరీయే తట్టుకోలేకపోయింది. పాపకు వాననీళ్ళు పట్టి తాపప్పా."

వ్యాను వెళ్ళిపోయింది. పీడ విరగడైందని ఆ సాయంత్రం ఎర్రిస్వామికి ఇంతియాజే టీ తాపించాడు.

వాన మాత్రం రాలేదు. నెల తిరక్కుండానే ఆలియా నొప్పులతో మెట్లు ఎక్కలేకపోయింది. ఇంతియాజ్ మళ్ళీ పెనుకొండ ఆఫీసుకు పరిగెత్తాడు.

"నీళ్ళు చూసేదానికి మా ఊరికి ఎప్పుడు పంపుతారు సార్?"

గుమాస్తా జయరాముడు వింతగా చూశాడు.

"మాకాడ మనుషులు లేరప్పా. అయినా ఆ పొద్దు నువ్వు పాపను ఎత్తుకోని ఏడుస్తాంటే, పెన్షను పని మీద వచ్చిన మా పాత భూగర్భజలాల సారు వెనక బెంచీలో కూర్చోని విన్నాడు. 'నేనే నా పెట్టెతో పోయి భూమిలో మంచినీళ్ళు వెతుకుతా, అవి తేలేదాకా చెప్పను, ఆ నాయనకు ఉత్త ఆశ ఎందుకు' అని సొంత వ్యాన్‌లో మీ ఊరికే బయల్దేరినాడే, రాలేదా?"