బయటి గింజ

గేటు చప్పుడైతే దుర్గాదేవి విసుక్కుంటూ వచ్చింది.

బయట ఒక ముసలావిడ. భుజాన సంచి, చేతిలో గుడ్డ మూట. మనిషి కంటే ముందు ఎండుచేపల వాసన వచ్చి నిలబడింది.

"గంగాధరరావుగారిల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. ఏంటి? చేపలు మేం కొనం."

"అమ్మడానికి రాలేదమ్మా. నిజాంపట్నం నించి వచ్చా. ఆయనున్నారా?"

"మావగారు లేరు. కూతుర్ని తీసుకురావడానికి బాపట్ల వెళ్ళారు. రేపొస్తారు."

ముసలావిడ గేటు గడియ మీద చెయ్యి వేసింది. ఇవతలి నుంచి దుర్గాదేవి ఆ గడియనే గట్టిగా పట్టుకుంది.

"అక్కడే ఉండు. ఇప్పుడే కడిగి ముగ్గేశాను."

"కాసిని మంచినీళ్ళన్నా ఇప్పిస్తావా తల్లీ? రేపల్లె బస్టాండు నించి నడిచొచ్చా."

దుర్గాదేవి కాగితం గ్లాసులో నీళ్ళు తెచ్చి గేటు కమ్మీల్లోంచి అందించింది. తాగాక గ్లాసు ఇక్కడ పడెయ్యొద్దని కూడా చెప్పింది. మర్యాదలో లోటు చెయ్యని మనిషి మరి!

ముసలావిడ గొంతు తడుపుకుని మూట చాపింది.

"చిక్కుడు గింజలమ్మా. ఈ యేడు మా దొడ్లోకి ఉప్పునీళ్ళెక్కి పాదులన్నీ చచ్చినయ్. ఇవే మిగిలినయ్. మావగారికియ్యి, పాదుకి పెట్టుకుంటారు."

దుర్గాదేవికి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు.

"మా దొడ్లో బయటి గింజ పాతం. మాది మూడు తరాల విత్తనం, తెలుసా? రథసప్తమికి ఈ వీధిలో అందరూ మా కాయల్తోనే రథాలు కడతారు."

"తెలుసమ్మా."

"తెలిసే తెచ్చావా?" అంది దుర్గాదేవి పుల్ల విరిచినట్టు.

ముసలావిడ మూట గేటు దిమ్మ మీద పెట్టి, బస్సు పోతుందంటూ వెళ్ళిపోయింది.

"ఇవాళ గింజలంటుంది, రేపు పాత చీరలడుగుతుంది. వీళ్ళ సంగతి నాకు తెలీదా!" అనుకుంది దుర్గాదేవి.

నిజానికి ఆ మూడు తరాల విత్తనం ఇప్పుడు ఇంట్లో లేదు. అత్తగారు సుబ్బులమ్మ బతికున్నన్నాళ్ళూ గింజల్ని బూడిదలో కలిపి కుండలో దాచేది. ఆవిడ పోయాక పెత్తనం కోడలికొచ్చింది. బూడిదేంటి అసయ్యంగా అని, కోడలు వాటిని రంగుల డబ్బాలోకి మార్చింది. పైన పటారం, లోన లొటారం. మొన్న మూత తీస్తే గింజకో పురుగు. గుట్టు చప్పుడు కాకుండా వాటిని కాలవలో పోసి, షాపులో పాకెట్ కొని డబ్బా నింపింది.

ఆషాఢంలో ఇంటిల్లిపాదీ దొడ్లో చేరి, పెద్దాయన మొదలు అందరూ తలా ఒక గింజ పాతడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ పని రేపే. ఎవరూ కనిపెట్టకపోతే చాలు, పరువు దక్కుతుంది.

పాకెట్లోది బయటి గింజ కాదా అంటే, దుర్గాదేవి లెక్కలో కాదు. దాన్ని ఎండుచేపల మనిషి ముట్టుకోలేదు కదా!

మూట చెత్తలో పారేద్దామనుకుంది. కానీ గింజలు నిగనిగలాడుతున్నాయి. ఊరికే వచ్చినదాన్ని పారెయ్యడానికి ఆవిడకి చేతులు రాలేదు. వాసన పోయేదాకా కడిగి కడిగి నానబోసింది.

మర్నాడు మధ్యాహ్నానికి గంగాధరరావు, కూతురు కరుణశ్రీ వచ్చారు. భోజనాలయ్యాక, ఎండ తగ్గితే విత్తనాలు పెట్టాలనుకున్నారు.

కంచంలో వంకాయ, చిక్కుడు గింజల కూర. గంగాధరరావు ఒక ముద్ద తిని, ఆగి, నవ్వారు.

"వచ్చెళ్ళిందన్నమాట వెంకటసుబ్బులు!"

"ఎవరండీ?" అంది దుర్గాదేవి.

"ఈ గింజలు తెచ్చినావిడమ్మా. డబ్బాలో పురుగు పట్టడం నేనూ చూశాను. నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నా. నేనే నిజాంపట్నం ఫోన్ చేసి తెమ్మన్నా. ఆవిడకి భోజనం పెట్టావా?"

దుర్గాదేవి కూరగిన్నె మీద మూత సర్దింది.

"సరేలే, గుప్పెడు వండితే వండావు. మిగతావి ఎక్కడ పెట్టావు?"

"అన్నీ వండేశానండి."

కరుణశ్రీ తినడం ఆపేసింది.

"అన్నీనా వదినా? పోనీ నాన్నా, ఆవిడ దగ్గర ఇంకా ఉంటాయేమో అడుగుదాం."

"ఉప్పునీళ్ళొచ్చి పాదులు పోయినయ్యంట. ఇవే మిగిలినయ్యంది" అంది దుర్గాదేవి. ఆ మాట తన నోటితో చెప్పాక గానీ ఆవిడకి చెవికెక్కలేదు. "ఎవరో చేపలమ్మేదనుకున్నానండి. బయటి గింజ మనకెందుకని..."

గంగాధరరావు కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది దుర్గాదేవికి. ఆయన కంచంలోని గింజల్ని వేలితో ఒక పక్కకి చేర్చారు.

"తుఫాను యేడు నీళ్ళు ఇంట్లోకొచ్చి మన విత్తనాల కుండలన్నీ కొట్టుకుపోయినయ్ దుర్గా. మీ అత్తయ్య ఖాళీ దొడ్లో కూచుని ఏడుస్తుంటే, తను ప్రాణాలరచేత పెట్టుకుని పరిగెత్తేటప్పుడు కూడా కొంగున కట్టుకుని కాపాడుకున్న గింజల్లో సగం తెచ్చి ఆవిడ ఒళ్ళో పోసిందమ్మా ఆ వెంకటసుబ్బులు. మూడు తరాల విత్తనమని నువ్వు వీధంతా చెప్పుకునేది ఆ తల్లి దొడ్లోదే."