మూడో మలుపులో కోటు

ఎంగెల్‌బర్ట్ మాస్టారి కోటు పోయిన రోజున, పన్నెండు కావస్తుండగా, ఆయన ఉత్త చొక్కాతో రోప్‌వే ఆఫీసులో నిలబడి ఉన్నారు. కాళ్ళకు స్కీ బూట్లున్నాయి గానీ స్కీలు లేవు. చంకలో మాత్రం తాళ్ళతో కట్టిన నారింజ రంగు చుట్ట ఒకటి ఉంది.

"కోటేది మాస్టారూ?" మేనేజరు రోస్‌వితా తల ఎత్తకుండానే అడిగింది.

"పైన ఉంది."

"స్కీలు?"

"అవీ పైనే."

"బాగుంది. కోటు పైన, స్కీలు పైన. మతి ఎక్కడ వదిలేశారో మరి!"

గుమ్మం దగ్గర కిలియన్ నవ్వాడు. వాలుల భద్రత చూసే ఉద్యోగం అతనిది. మాస్టారిని మంచుబండి మీద దించుకొచ్చింది అతనే.

"మూడో మలుపులో చేతులు చాపి అడ్డంగా నిలబడ్డారు రోస్‌వితా. వచ్చినవాళ్ళందర్నీ ఎడమ దారికి తోలుతున్నారు, గొర్రెల్ని తోలినట్టు. రమ్మంటే రారు! చివరికి స్కీలు రెండూ మంచులో పాతి, వాటికి కోటు చేతులు కట్టి, అప్పుడు బండెక్కారు."

"దిష్టిబొమ్మా? మన వాలు మీదా?"

ఫిబ్రవరిలో పన్నెండు డిగ్రీలు. మూడు రోజులుగా దక్షిణపు వేడిగాలి. ఊరి చుట్టూ పచ్చగడ్డి బయటపడింది. దాని మధ్య, యంత్రాలు చల్లిన మంచు తెల్లటి పట్టీలా మిగిలింది. తెల్లవారేసరికి అది అద్దంలా గడ్డకడుతుంది. మధ్యాహ్నానికి పైన నీళ్ళు, కింద అదే అద్దం. గోడ మీద పోస్టరు మాత్రం 'ఈ ఏటి అందమైన మంచు' అంటోంది.

"నలుగురు ఫిర్యాదు చేశారు," అంది రోస్‌వితా. "ఒకాయన స్టుట్‌గార్ట్ నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడట, నిటారు వాలు దిగుదామని. ఆయన్ని మీరు పిల్లల దారిలోకి పంపారట."

"పంపాను."

"ఏం చెప్పి?"

"దయచేసి అటు వెళ్ళండి అన్నాను."

"అంతేనా?"

"అంతకు మించి మాట్లాడకూడదని మీరే నా చేత సంతకం పెట్టించారు."

రెండేళ్ళ కిందట ఇలాంటి రోజునే, ఆ మలుపులోనే, మాస్టారి భార్య వాల్‌బుర్గ జారి లోయలో పడిపోయింది. అక్కడ అంచున రక్షణ వల కట్టే ఉందనీ, ముసలావిడ వేగం ఆపుకోలేక దాని కిందనుంచి జారిపోయిందనీ కిలియన్ రిపోర్టు రాశాడు. మాస్టారు చాలా ప్రశ్నలు అడిగారు. రోప్‌వే కంపెనీ ఆయనకు లాయరు చేత నోటీసు పంపించింది. ఇక ఆ ఊసెత్తనని ఆయన రాసిచ్చారు.

"పాస్ ఇటివ్వండి. ఈ ఏడాదికి మీ స్కీయింగ్ అయిపోయింది."

మాస్టారు పాస్ తీసి బల్ల మీద పెట్టారు. పక్కనే చంకలోని చుట్టనూ పెట్టారు. దాని తాళ్ళు ఒక్కసారీ విప్పనట్టు బిగిసి ఉన్నాయి. రోస్‌వితా పాస్ అందుకుని సొరుగులో వేసింది. ఈలోగా కిలియన్ వచ్చి చుట్టను తీసి బెంచీ కిందికి నెట్టాడు.

"తడిది బల్ల మీదెందుకు మాస్టారూ? కూర్చోడానికని బండి మీద వేస్తే, మోసుకొచ్చేశారు."

"ఒక మనిషిని పైకి పంపు రోస్‌వితా. లింట్స్ నుంచి స్కీయర్ల బస్సు వచ్చేలోపు," అన్నారు మాస్టారు.

"కోటు తేవడానికా?"

"కోటు కోసం కాదు."

"మరి దేనికి?"

"కిలియన్ చెబుతాడు."

ఆ ఇద్దరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. జవాబు ఆయన తానుగా ఎప్పుడూ చెప్పేవారు కాదు. ప్రశ్న అడిగి, పిల్లవాడి మొహం చూస్తూ ఊరుకునేవారు. ఇప్పుడూ అలాగే చూశారు.

"పొద్దుటి పని అంతా అయిందా, కిలియన్?"

"అయిపోయింది మాస్టారూ."

రోస్‌వితా పకపకా నవ్వింది. "మూడో తరగతిలోనూ ఇదే పాట! హోంవర్కు చేశావా అంటే, అయిపోయింది మాస్టారూ. పుస్తకం మాత్రం రోజూ ఇంట్లో మరిచిపోయేవాడు."

కిలియన్ బూట్ల వంక చూసుకున్నాడు.

"ఇదిగో," ఆమె ఒక కాగితం ఆడించింది. "ఏడు నలభైకి రేడియోలో చెప్పాడు, అన్ని మలుపులూ సిద్ధమని. నా చేత్తో రాసుకున్నాను. ఇంకేం కావాలి మీకు?"

"పైకి ఒక మనిషి కావాలి."

"ఇంటికెళ్ళి వేడిగా సూప్ తాగి పడుకోండి. వాల్‌బుర్గ ఉంటే అదే చెప్పేది."

మాస్టారు బయటికి నడిచి, రోప్‌వే గేటు ముందు నిలబడ్డారు. పాస్ లేనిదే అది తెరుచుకోదు. వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

లింట్స్ బస్సు రానే వచ్చింది. నలభై మంది, ఎర్రటి మొహాలు, పాటలు. గేటు ఒక్కొక్కరికీ టిక్కుమని తెరుచుకుంది.

"రండి, మీ కళాఖండం చూద్దురు గాని," అంటూ రోస్‌వితా కెమెరా తెరను ఆయన వైపు తిప్పింది. మూడో మలుపు. రెండు స్కీల మధ్య గోధుమరంగు కోటు చేతులు చాపుకుని ఉంది. దాని అవతల ఏమీ తెలియనంత ఎండ. పైనుంచి వచ్చేవాళ్ళు దాన్ని చూసి, తడబడి, తిట్టుకుంటూ ఎడమకు తిరుగుతున్నారు. "భలే మేనేజరు! నా మాటకంటే దాని మాటే ఎక్కువ వింటున్నారు."

మాస్టారు స్కీల మొదళ్ళు చూస్తున్నారు. అక్కడ నీళ్ళు మెరుస్తున్నాయి.

గాలి విసురుగా వచ్చింది. కోటు ఉబ్బింది. ఒక స్కీ వాలిపోయింది, దాని వెనకే రెండోది. కోటు ఒకసారి పైకి లేచి, తెరలోంచి మాయమైంది.

"పోయింది మాస్టారూ మీ కోటు!" రోస్‌వితా చప్పట్లు కొట్టింది.

కిలియన్ నవ్వలేదు. బెంచీ కింది చుట్టను లాక్కుని బయటికి పరుగెత్తాడు.

తెర మీద, లింట్స్ వాళ్ళలో మొదటివాడు వేగం తగ్గించకుండా వస్తున్నాడు.

మూడో మలుపులో వల ఇంకా కట్టలేదు.