ముక్కుచెంపలు

"నూట పన్నెండో పేజీ చించెయ్యి. అప్పుడు సంతకం పెడతా."

ప్రొఫెసర్ నర్సింగమ్మ థీసిస్‌ను బల్ల మీద అవతలికి తోసింది. ఎదురుగా నిలబడ్డ బీరన్నకు యాభై దాటాయి. రామన్నపేటలో బడిపంతులు. ఎనిమిదేళ్లు ఊరూరా తిరిగి రాశాడు. ఇవాళ వైవా. ఈ పరీక్షకురాలి సంతకం లేకపోతే ఎనిమిదేళ్లూ బూడిద.

అతను రాసింది ముక్కుచెంపల చరిత్ర. పంతులు అడిగినదానికి జవాబు చెప్పిన పిల్ల, చెప్పలేక నిలబడ్డవాళ్ల ముక్కు పట్టుకుని చెంప వాయించాలి. ఏ పాఠ్యప్రణాళికలోనూ రాయని ఈ పాఠం అన్ని బడుల్లోనూ నడిచిందంటాడు.

అంతవరకు ఆమెకు పేచీ లేదు. ఆమె జీవితం మలుపు తిరిగిందే అలాంటి ఒక రోజున. మోత్కూరు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి, బిక్కేరు వాగు ఏ నదిలో కలుస్తుందని అడిగాడు. జవాబు చెప్పకుండా ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. "మూసీ" అంది నాలుగో తరగతి నర్సింగమ్మ. ఆయన మురిసిపోయి గురుకులంలో చేర్పించాడు. విద్యాతత్వం మీద ఎక్కడ ఉపన్యసించినా ఆమె ఈ ముచ్చటతోనే మొదలుపెడుతుంది. ఆ పూట పదహారు చెంపలు వాయించిన సంగతి మాత్రం చెప్పదు.

నూట పన్నెండో పేజీ చదివినప్పటినుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

"'జవాబు తెలిసీ, తోటివాళ్లను కొట్టలేక నోరు మూసుకున్న పిల్లలూ ఉన్నారు.' ఏందయ్యా గీ రాత? తెలిసినోడు ఎవడన్న దెబ్బలు తింటడా? గొర్లు కాసుకుంట రాసినవా?"

పక్కనున్న గైడు వెంకన్న కిసుక్కున నవ్వాడు.

"గొర్లు కాసినోన్నే మేడం. వాగులెంబడి తిరిగినోన్నే."

"ఆధారమేది?"

"ఉన్నది."

"పేరు లేదు, ఊరు లేదు. అబద్ధం రాసి డాక్టరువైతవా?"

"పేరు రాస్తే ఇంకొకరి ఇజ్జత్ పోతది మేడం. ఆ ఒక్కటి అడగకుండ్రి."

"నంగనాచి మాటలు నాకాడ కాదు. పేరు చెప్పు. లేకుంటే చించు."

బీరన్న పేజీ చించలేదు. బల్ల మీదుగా ముందుకు వంగాడు. ఆమె చెవికి మాత్రమే చేరేంత మెల్లగా అన్నాడు.

"ఎనుక నుంచి మీకు 'మూసీ' అని అందిచ్చింది నేనే మేడం, మొదటి చెంపదెబ్బ గూడ నాకే కొట్టిన్రు."